గేరుబాక్సుకి అబద్ధం చెప్పకండి

అమలాపురంలో ఒక షెడ్డు. మధ్యాహ్నం మూడు గంటలవేళ, పైన రేకులు కాలిపోతున్నాయి. నేల మీద గోనెసంచి పరిచి మా బావమరిది కారు గేరుబాక్సు విప్పి పెట్టారు. మేస్త్రీ సెల్‌ఫోను లైటు వేసి పుల్లీ ముఖం చూపించాడు. అద్దంలా మెరవాల్సిన ఉక్కు మీద చుట్టూ గీతలు పడి ఉన్నాయి. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు తట్టుకుంటోంది. పక్కనే బెల్టు పడి ఉంది. దాని పలకల అంచులు ఒక చోట నీలం తిరిగాయి. ఆయిల్ పళ్ళెం అడుగున ఉండే అయస్కాంతాల మీద నల్లటి ముద్ద పేరుకుంది. వేలు పెడితే కాటుకలా అంటుకుంది.

"సీవీటీ కదండీ, దీని ఆయుస్సు ఇంతేనండి. అసలు బెల్టు బాక్సుకి ట్యూనింగేంటండి? సరే చేయించుకున్నారు, అప్పుడే ఓ కూలర్ పెట్టించేసి మంచి ఆయిల్ పోయించుంటే ఈ గొడవుండేది కాదండి" అన్నాడు మేస్త్రీ.

ఆయన పనిమంతుడు. ఆ బాక్సు విప్పి ఒక్కో నట్టూ వరసగా పేర్చిన తీరు చూస్తేనే తెలుస్తుంది. కానీ ఆ మాట తప్పు. తప్పని ఆయనతో అప్పుడే అన్నాను, ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే అది ఆయన ఒక్కడి మాట కాదు. రావులపాలెం నుంచి రాజోలు దాకా ఏ షెడ్డులో అడిగినా, సిటీలో ట్యూనింగ్ చేసే కుర్రాళ్ళని అడిగినా, కువైట్ నుంచి సెలవుకొచ్చి కారు కొనుక్కునే మన పిల్లల్ని అడిగినా ఇదే వినిపిస్తుంది. ఇందులో రెండు నమ్మకాలున్నాయి. సీవీటీ, అంటే గేర్లకి బదులు పుల్లీల మధ్య బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేరుబాక్సు, పుట్టుకతోనే బలహీనమైంది అన్నది ఒకటి. ట్యూన్ చేసిన కారులో దాన్ని కాపాడేది కూలరూ ఖరీదైన ఆయిలూ అన్నది రెండోది. మొదటిది అన్యాయం. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని నమ్మినవాడు తన బాక్సు భద్రంగా ఉందనుకుంటూనే దాన్ని అరగదీసుకుంటాడు.

బలహీనం అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. స్కూటర్ల దగ్గర పుట్టింది. 1984లో కైనెటిక్ హోండా వచ్చిన దగ్గర్నుంచీ గేర్లు లేని స్కూటరంటే మనకి రబ్బరు బెల్టే. ఆక్టివా బెల్టు అరిగితే మార్పిస్తాం, తెగితే తోసుకుంటూ ఇంటికొస్తాం. కుర్రాళ్ళు పికప్ కోసం రోలర్లు తేలికవి వేయించుకుంటారు. కారులో కూడా బెల్టే అనగానే ఆ రబ్బరు ముక్కే కళ్ళముందు కదులుతుంది. కారు సీవీటీలో ఉండేది రబ్బరు కాదు. నాలుగు వందల దాకా ఉక్కు పలకలు ఒకదాని వెనక ఒకటి పేర్చి, వాటిని రెండు ఉక్కు పట్టీల దొంతరలు పట్టి ఉంచుతాయి. ఒక్కో పట్టీ మందం మిల్లీమీటరులో ఐదో వంతుకు లోపే. ఆ పలకలు లాగవు, తోస్తాయి. ఒక పలక వీపు మీద ఇంకో పలక ఆని బలాన్ని ముందుకు నెడుతుంది. హ్యుందాయ్ ఐవీటీలో, సుబారు లీనియర్‌ట్రానిక్‌లో బెల్టు బదులు ఉక్కు గొలుసే ఉంటుంది.

డచ్చి దేశస్థుడు హబ్ వాన్ డోర్న్ 1958లో డాఫ్ 600 కారుకి రబ్బరు బెల్టుతో ఈ పద్ధతి తెచ్చాడు. ఆయన సంస్థే తర్వాత ఉక్కు బెల్టు చేసింది. 1987లో అది సుబారు జస్టీ కారులోకి ఎక్కింది. 1993లో విలియమ్స్ జట్టు తమ ఫార్ములా వన్ కారుకి సీవీటీ బిగించి పరీక్షించింది, నడిపింది డేవిడ్ కూల్‌తార్డ్. మూడున్నర లీటర్ల వీ10 ఇంజన్ బలం మొత్తం ఆ బెల్టు మీదుగానే వెళ్ళింది. 1994 సీజనుకి నిబంధనలు దాన్ని నిషేధించాయి. పుట్టుకతో బలహీనమైన వస్తువును ఫార్ములా వన్ ఇంజనుకి ఎవరూ బిగించరు.

"మరి నిస్సాన్ సంగతేంటి?" అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో 2003 నుంచి 2010 దాకా మోడళ్ళ సీవీటీలకి నిస్సాన్ వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకి పొడిగించాల్సి వచ్చింది. అవేమీ ట్యూన్ చేసిన కార్లు కావు. ఒప్పుకుంటాను. కానీ దాన్నుంచి నేను తీసుకునే పాఠం వేరు. కంపెనీ పెట్టిన మార్జిన్ ఆ బాక్సుకే సరిపోయేంత ఉంటుంది, మనం ఖర్చు పెట్టుకోవడానికి మిగిలి ఉండదు. ముసలిదైన ఆయిలుకి, ఎండకి, గోతులకి, ఏళ్ళ అరుగుదలకి ఆ మార్జిన్ కేటాయించి పెట్టారు. "ఫ్యాక్టరీ వాళ్ళు ఎలాగూ 20 శాతం వదులుతారండి, దాన్ని మేం వాడుకుంటాం" అనే ట్యూనర్ ఇంకొకరి డబ్బు తీసి మనకి బహుమతి ఇస్తున్నాడు. ఆ ఇంకొకరు కూడా మనమే.

బాక్సు లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం.

కొబ్బరి దింపు కార్మికుణ్ణి చూడని కోనసీమవాడు ఉండడు. కాళ్ళకి తాడు బందం వేసుకుని, పాదాలతో మానుని రెండు వైపులా నొక్కి పట్టి పైకి జరుగుతాడు. మానుకి మేకుల్లేవు, మెట్లు లేవు. అతన్ని పట్టి ఉంచేది ఆ నొక్కుడు ఒక్కటే. వానకి మాను తడిస్తే ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు. తన ఒంటి బరువెంతో అతని కాళ్ళకి తెలుసు కాబట్టి ఎంత నొక్కాలో కూడా తెలుసు. సీవీటీ పుల్లీ సరిగ్గా అదే పని చేస్తుంది. రెండు ఉక్కు శంకువులు బెల్టుని రెండు పక్కల నుంచి హైడ్రాలిక్ ఒత్తిడితో నొక్కి పడతాయి. పళ్ళు లేవు, గాడులు లేవు. ఆయిల్లో తడిసిన ఉక్కు మీద ఉక్కు. ఆ రెంటి మధ్య రాపిడి గుణకం పదో వంతుకి అటూ ఇటూ, అంతే. కాబట్టి పట్టు అంతా నొక్కుడులోనే ఉంది.

మరి ఎంత నొక్కాలో బాక్సుకి ఎవరు చెప్తారు? ఇంజన్ కంప్యూటర్ చెప్తుంది. ఇంజన్ ఈ క్షణంలో ఇంత టార్క్ ఇస్తోందని ఈసీయూ ఒక సంఖ్య పంపుతుంది. గేరుబాక్సు కంప్యూటర్ ఆ సంఖ్యకి కొంత భద్రత కలిపి అంత ఒత్తిడి పెడుతుంది. ఎప్పుడూ గరిష్ఠంగా నొక్కి ఉంచొచ్చు కదా అంటే కుదరదు. నొక్కుడు ఎక్కువైతే పంపు ఇంజన్ బలాన్ని తింటుంది, మైలేజీ పడిపోతుంది, బెల్టు పట్టీలు అలసి తెగుతాయి. అందుకే చెప్పినదానికి తగినంతే నొక్కుతుంది. బాక్సు బతుకంతా ఆ ఒక్క సంఖ్యని నమ్మి నడుస్తుంది.

ఇప్పుడు మన ట్యూనింగ్ డబ్బా సంగతి. మా బావమరిది కారుకి సిటీలో ఒకచోట వేసింది ఇదే. సెన్సారు తీగ మధ్యలో అగ్గిపెట్టంత డబ్బా. అరగంట పని. ఆ డబ్బా చేసేది ఏమిటంటే, టర్బో నుంచి వచ్చే గాలి ఒత్తిడిని సెన్సారు కొలిచి పంపగానే దాన్ని తగ్గించి ఈసీయూకి చెప్పడం. ఒత్తిడి తక్కువగా ఉందనుకుని ఈసీయూ ఇంకా గాలి లోపలికి రానిస్తుంది. ఇంజన్ బలం పెరుగుతుంది. బండి లాగుతుంది. అందరూ సంతోషిస్తారు. కానీ ఈసీయూ తను ఎంత టార్క్ ఇస్తున్నాననుకుంటోంది? పాతదే అనుకుంటోంది. బాక్సుకి పాత సంఖ్యే పంపుతుంది. ఉదాహరణకి ఇంజన్ నిజంగా 190 న్యూటన్ మీటర్లు ఇస్తోంది, కాగితం మీద 150 అని వెళ్ళింది, బాక్సు దానికి ఐదో వంతు కలిపి 180కి తగ్గట్టు నొక్కింది అనుకోండి. ఆ పది దగ్గర బెల్టు జారుతుంది. తన మీద ఇంకొకడు ఎక్కి కూచున్నాడని తెలియని దింపు కార్మికుడు మాను మీద జారినట్టే జారుతుంది.

రీమ్యాప్ చేసేవాళ్ళు "మాది డబ్బా కాదండి, ఫైలే మారుస్తాం" అంటారు. డబ్బా కన్నా మేలే, సరిగ్గా చేస్తే. కానీ ఈసీయూలో టార్క్ లెక్కగట్టే పట్టికలుంటాయి, బాక్సుని కాపాడే పరిమితులుంటాయి. ఆ పరిమితులు అడ్డొస్తున్నాయని పరిమితి పెంచేవాడున్నాడు. దాన్ని పెంచడం బదులు లెక్కగట్టే పట్టికనే తగ్గించి, పరిమితిని తాకకుండా చేసేవాడూ ఉన్నాడు. రెండోవాడు చేసింది డబ్బా చేసిందే, కాకపోతే నీటుగా. బాక్సుకి అందేది మళ్ళీ అబద్ధమే.

ఈ జారుడు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. చించినాడ వంతెన ఎక్కుతున్నాం, ముందు కొబ్బరికాయల లారీ. బావమరిది బండి నడుపుతున్నాడు. ఎదర ఖాళీ చూసుకుని పాతిక వేగం మీద నుంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటి ఎగిరింది. బండి మాత్రం లారీ వెనకే ఉండిపోయింది. అర సెకను. తర్వాత కింద నుంచి చిన్న కుదుపు, బండి ముందుకి దూకింది. "చూశావా బావా, టర్బో కిక్ అంటే ఇదీ!" అన్నాడు వాడు ఆనందంగా. అది టర్బో కిక్ కాదు. ఆ అర సెకనులో బెల్టు జారి మళ్ళీ పట్టుకుంది. ఆ షెడ్డులో గోరుకి తగిలిన గీతల్లో కొన్ని చించినాడ వంతెన మీద పడ్డాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒకసారి గీత పడ్డాక అక్కడ పట్టు తగ్గుతుంది. తగ్గిన చోట మళ్ళీ జారుతుంది. రాలిన ఉక్కు పొడి ఆయిల్లో కలిసి వాల్వుల్లోకి పోతుంది, అవి బిగుసుకుంటే ఒత్తిడి ఇంకా పడిపోతుంది. ఆర్నెల్లలో కారు రివర్సులో కదలడం మానేసింది. ఇంటి మీద ఇంకో స్లాబు వేసుకోవాలని వాడు కువైట్‌లో దాచిన డబ్బు బాక్సుకి పోయింది.

ఆ అర సెకనులో కూలర్ ఏం చేయగలదో చెప్పండి. ఆయిల్ ఎంత చల్లగా ఉన్నా, ఎంత ఖరీదైనదైనా, నొక్కుడు చాలనప్పుడు బెల్టు జారుతుంది. కూలర్ వేడిని తగ్గిస్తుంది, పట్టుని పెంచదు. ఈ ఒక్క వాక్యం మన షెడ్లలో గోడ మీద రాసి పెట్టాలని నా కోరిక.

కంపెనీలు ఏం చేశాయో చూడండి, మనకి కావలసిన సమాధానం వాళ్ళ అమ్మకాల కాగితాల్లోనే ఉంది. 2020 చివర్లో వచ్చిన నిస్సాన్ మాగ్నైట్, ఆ వెంటనే వచ్చిన రెనో కైగర్, రెంటికీ అదే ఒక లీటరు టర్బో ఇంజన్. మాన్యువల్ గేర్లతో తీసుకుంటే 160 న్యూటన్ మీటర్లు. సీవీటీతో తీసుకుంటే 152. హార్స్‌పవర్ మాత్రం రెంటిలోనూ 100. 2018 హోండా అమేజ్ డీజిల్ ఇంకా స్పష్టం. మాన్యువల్‌లో 100 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు. అదే ఇంజన్ సీవీటీతో 80 హార్స్‌పవర్, 160 న్యూటన్ మీటర్లు. హోండా వాళ్ళకి పెద్ద కూలర్ పెట్టడం తెలియకనా? మంచి ఆయిల్ దొరకకనా? బాక్సుని కాపాడటానికి వాళ్ళు ఎంచుకున్న మొదటి సాధనం ఇంజన్ ఫైల్లో టార్క్ తగ్గించడం. లక్షల కార్లకి వారంటీ ఇవ్వాల్సినవాడు అలా చేస్తుంటే, వారంటీ ఇవ్వనివాడు డబ్బా పెట్టి దానికి ఎదురు చేస్తున్నాడు. మనం ఎవరి మాట వినాలి?

"అయితే ట్యూనింగే వద్దంటారా?" అని అడుగుతారు. వద్దనను. వారంటీ దాటాక నేనూ చేయించుకున్నాను. నేననేది వేరే మాట. సీవీటీ కారుని మాన్యువల్ కారులా ట్యూన్ చేయడం బుద్ధితక్కువ పని. ఇక్కడే మనవాళ్ళు ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది.

మాన్యువల్ కారులో రెండో గేరు నుంచి మూడుకి వేయగానే ఆర్‌పీఎం దబ్బున పడిపోతుంది. పడ్డచోట ఇంజన్ లాగాలి కాబట్టి అడుగున, అంటే 1,800 నుంచి 2,500 మధ్య టార్క్ కావాలి. మన ట్యూనర్లందరూ నేర్చుకున్నది ఆ కార్ల మీదే. అందుకే ఏ కారు తెచ్చినా అడుగున టార్క్ ఎత్తి పెడతారు, అది తొక్కగానే వీపుకి తగులుతుంది కాబట్టి కస్టమర్ కూడా మెచ్చుకుంటాడు. సీవీటీలో ఆ అవసరమే లేదు. కాలు గట్టిగా వేస్తే బాక్సు తనంతట తనే ఇంజన్‌ని నాలుగైదు వేల ఆర్‌పీఎంకి తీసుకెళ్ళి అక్కడే నిలబెడుతుంది. బండి ఎంత వేగంగా ముందుకెళ్తుందన్నది ఆ పైనున్న హార్స్‌పవర్‌ని బట్టి ఉంటుంది, కింద ఉన్న టార్క్‌ని బట్టి కాదు.

ఇప్పుడు లెక్క వేయండి. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. మాగ్నైట్ సీవీటీ 5,000 దగ్గర 100 హార్స్‌పవర్ అంటే, అక్కడ టార్క్ 140కి పడిపోయిందన్నమాట. కంపెనీ ఒప్పుకున్న 152నే 5,000 దాకా పడనీయకుండా నిలబెట్టగలిగితే 108 హార్స్‌పవర్. 5,500 దాకా నిలబెడితే 119. బాక్సు మీద ఒక్క న్యూటన్ మీటరు కూడా అదనంగా పడలేదు. బెల్టుకి కంపెనీ నిర్ణయించిన బరువే. ఆ చిన్న టర్బో అంత పైన అంత గాలి ఇవ్వగలదా, పెట్రోలు నాక్ రాకుండా తట్టుకుంటుందా అన్నది ఒక్కో కారు మీద కొలిచి తేల్చాల్సిన విషయం, అంతా దొరక్కపోవచ్చు. సగం దొరికినా సీవీటీ కారులో దొరకాల్సిన చోట దొరికినట్టే. ఇంత చక్కని దారి ఉండగా 2,000 ఆర్‌పీఎం దగ్గర టార్క్‌ని 190కి ఎత్తి బెల్టు ప్రాణం తీయడం ఎందుకు?

అడుగున టార్క్ ఎందుకంత చేటో ఇంకొంచెం చెప్పాలి. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు బెల్టు ముందు పుల్లీ మీద ఇరుసుకి దగ్గరగా, చిన్న వలయంలో తిరుగుతుంది. వలయం చిన్నదైతే అదే నొక్కుడుకి పట్టు తక్కువ. పెద్ద వలయం మీద సులువుగా మోసే టార్క్‌ని చిన్న వలయం మీద మోయలేదు. పైగా నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడు టార్క్ కన్వర్టర్ ఇంజన్ టార్క్‌ని దాదాపు రెండింతలు చేసి బాక్సుకి ఇస్తుంది. అంటే పట్టు అతి తక్కువగా ఉన్న చోటే బరువు అతి ఎక్కువగా పడుతుంది. టయోటా 2018లో తెచ్చిన డైరెక్ట్ షిఫ్ట్ సీవీటీలో బండి కదలడానికి విడిగా ఒక మామూలు పళ్ళ గేరు పెట్టింది. కదిలాకే పని బెల్టుకి అప్పజెప్తుంది. బెల్టుకి ఏది కష్టమో టయోటాకి తెలుసు. మన ట్యూన్ ఫైలు సరిగ్గా ఆ కష్టాన్నే పెంచుతోంది.

ఇదంతా ఎక్కడో రేసు ట్రాకు సంగతనుకోకండి. మన రోడ్లకే ఇది ఎక్కువ వర్తిస్తుంది. కోనసీమలో ఘాట్ రోడ్లు లేవు, గంటల తరబడి వంద మీద పోయే రోడ్డు రావులపాలెం దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కితే తప్ప లేదు. మనది కాలవ గట్టు డ్రైవింగ్. ఊరికో స్పీడ్ బ్రేకర్, మలుపుకో ట్రాక్టరు. ఇరవై మీదికి దిగడం, సందు చూసి ఒక్కసారి తొక్కడం, మళ్ళీ దిగడం. కొత్తపేట నుంచి రావులపాలెం వెళ్ళేలోపు ఎన్నిసార్లు అలా తొక్కుతామో లెక్కపెట్టి చూడండి. ప్రతిసారీ బెల్టు చిన్న వలయంలోనే ఉంటుంది. బానెట్ కింద గాలి తగలని మూల బిగించిన కూలర్‌కి ఈ వేగాల్లో అందే గాలే తక్కువ. ఇలాంటి చోట కూలర్‌ని నమ్ముకోమనడం ఏం సలహా? మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాడికి, ఎండాకాలం హైదరాబాదు దాకా ఆపకుండా పోయేవాడికి, అంతర్వేది తీర్థానికి జనం మధ్య గంటసేపు అడుగడుగునా పాకేవాడికి కూలర్ ఉపయోగమే. ఉష్ణోగ్రత చూసి, థర్మోస్టాట్ ఉన్నది, బాక్సుకి సరిపడేది పెట్టించుకుంటే కాదనను. అది వేడికి మందు. జారుడుకి కాదు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు చూడండి. ఏటి ఒండ్రు మీద దిగుడు, ఆపైన పంటు ఇనపరేకు. వెనకవాడు హారను కొడుతుంటాడు, పంటు కుర్రాడు "రండి రండి" అంటుంటాడు. కంగారులో ఒక కాలు బ్రేకు మీద, ఇంకో కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి రేజ్ చేస్తాం. కన్వర్టర్లో ఆయిల్ మరిగిపోతుంది. బ్రేకు వదలగానే ముందు చక్రం బురదలో గిర్రున తిరుగుతుంది, మరుక్షణం ఇనపరేకు అంచు తగిలి టక్కున ఆగుతుంది. తిరుగుతున్న చక్రం ఒక్కసారి పట్టు దొరికి ఆగినప్పుడు ఆ దెబ్బ చక్రం నుంచి వెనక్కి, నేరుగా బెల్టుకి వస్తుంది. ఇంజన్ ఇచ్చే టార్క్ గురించి ఈసీయూ చెప్పగలదు, చక్రం నుంచి వచ్చే దెబ్బ గురించి ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే ట్యూన్ చేసిన సీవీటీ కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయడం మహాపాపం. పంటు దగ్గర తక్కువ గేరు మోడులో పెట్టి, బ్రేకు పూర్తిగా వదిలేశాకే మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. హారను కొట్టేవాణ్ణి కొట్టనివ్వండి. అంతర్వేది బీచి ఇసకలో కూడా అంతే.

ఆయిల్ గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే రెండు వైపులా తప్పు చెప్తున్నారు. "లైఫ్‌టైమ్ ఆయిలండి, మార్చక్కర్లేదు" అనేవాళ్ళది ఒక తప్పు. ఏ ఆయిలైనా వేడికి ముసలిదవుతుంది. ట్యూన్ చేసిన కారులో 40,000 కిలోమీటర్లు దాటనీయకండి, ఇది నా లెక్క. "ఏ ఆటోమేటిక్ ఆయిలైనా ఒకటే" అనేవాళ్ళది ఇంకా పెద్ద తప్పు. మామూలు ఆయిల్ పని జారేలా చేయడం. సీవీటీ ఆయిల్ పని తడిగా ఉంచుతూనే ఉక్కు ఉక్కుని పట్టుకునేలా చూడటం. నిస్సాన్‌కి ఎన్ఎస్-3, హోండాకి హెచ్‌సీఎఫ్-2 అని విడివిడిగా పేర్లు పెట్టింది అందుకే. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు కింద అరటితొక్క వేసినట్టే. మట్టం కూడా ఆయిల్ వేడి చూసుకుని కొలవాలి, కంటిచూపుతో కాదు. ఇంతకుమించి ఆయిల్‌కి మహిమల్లేవు.

ఒక వాదన మిగిలింది, నాకు తరచూ ఎదురయ్యేది. "మా ఫ్రెండ్ కారుకి డబ్బా పెట్టించి 30,000 తిరిగాడండి, ఏమీ కాలేదు" అంటారు. కాకపోయి ఉండొచ్చు. నెమ్మదిగా నడిపేవాడేమో, డబ్బా అమరిక తక్కువలో ఉందేమో. కానీ ఆ కారు బాక్సు విప్పి పుల్లీ మీద గోరు పెట్టి చూశారా? బెల్టు ఒకేరోజు తెగదు. మా బావమరిదికి కూడా మొదటి ఏడాది ఏమీ కాలేదు, వాడూ అందరికీ అదే చెప్పాడు. వాడి మాట విని మలికిపురంలో ఇద్దరు పెట్టించుకున్నారు. ఇప్పుడు వాడికి దాని బాధ వేరే ఉంది.

నా కారుకి ఏం చేయించానో చెప్తాను. మూడు వేల ఆర్‌పీఎం దాకా టార్క్ కంపెనీ పెట్టిందే ఉంచమన్నాను. ఆ పైన కూడా కంపెనీ గరిష్ఠాన్ని దాటొద్దన్నాను, పైన పడిపోయేదాన్ని మాత్రం నిలబెట్టమన్నాను. టార్క్ లెక్కగట్టే పట్టికలు ముట్టుకోవద్దన్నాను. కాలు వేయగానే టార్క్ ఎగబాకే వేగాన్ని కంపెనీ కన్నా కాస్త తగ్గించమన్నాను. ట్యూన్ చేసిన కుర్రాడు మొదట నవ్వాడు. "ఇలా చేస్తే మీకేం తెలీదండి, డబ్బులు వేస్టు" అన్నాడు. ఊళ్ళో కాలు వేస్తే నిజంగానే ఏమీ తెలియదు. హైవే మీద అరవై నుంచి వందకి లాగేటప్పుడు తెలుస్తుంది. మొన్న ఆయిల్ మార్పించినప్పుడు అయస్కాంతాల మీద సన్నటి నూగు తప్ప ఏమీ లేదు. అదే షెడ్డు, అదే మేస్త్రీ. వేలితో తుడిచి చూసి ఏమీ అనలేదు. మా బావమరిది కారు అయస్కాంతాలు ఆయనకి గుర్తుండే ఉంటాయి.

సీవీటీ కారుకి ట్యూనింగ్ చేయించుకోవాలనుకునే మన పిల్లలకి నా మనవి ఒకటే. సంక్రాంతికి ఊరొచ్చి, సెలవు అయిపోతోందన్న తొందరలో సెన్సారు తీగకి డబ్బా తగిలించుకోకండి. ఫైలు రాసేవాణ్ణి మూడు సంగతులు అడగండి. రెండు వేల దగ్గర ఎంత టార్క్ పెడుతున్నావు, కంపెనీ సీవీటీకి ఇచ్చిన గరిష్ఠం ఎంత, గేరుబాక్సుకి అందే టార్క్ సంఖ్య నిజమైనదేనా? జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వనన్నాడంటే తాళాలు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేయండి.